కోత లేని రక్తనాళ వైద్యం: చదువులు, కొలువులు

కాలి ధమని లోపల కొవ్వు, సున్నం పేరుకుని దారి సన్నబడితే కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే వేలి కొస నల్లబడుతుంది, చిన్న పుండు నెలలు గడిచినా మానదు. షుగర్ ఉన్నవారిలో, పొగతాగేవారిలో ఈ జబ్బు ఎక్కువ. సిరల సంగతి వేరు. వాటిలోని కవాటాలు వదులైతే రక్తం కిందికి జారి కాళ్లలో నరాలు ఉబ్బుతాయి. లోతు సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. పొట్టలో బృహద్ధమని ఉబ్బడం, డయాలసిస్ రోగి చేతిలో రక్తం తీసేందుకు కలిపిన నాళం (ఫిస్టులా) మూసుకుపోవడం, మెదడు నాళానికి గడ్డ అడ్డుపడి పక్షవాతం రావడం కూడా ఈ కోవలోవే. ఒకప్పుడు వీటిలో చాలావాటికి పెద్ద ఆపరేషనో, కాలు తీసేయడమో తప్పేది కాదు. ఇప్పుడు చాలా కేసుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రంలోంచే చికిత్స పూర్తవుతోంది. అయితే ఈ చికిత్స చేసే డాక్టరుకు, యంత్రం నడిపే టెక్నాలజిస్టుకు, పరికరం తయారుచేసే ఇంజనీరుకు చదువులు వేరు. ఇంటర్ గ్రూపు దగ్గరే దారులు చీలిపోతాయి.

ఈ వైద్యానికి పునాది 1953లో పడింది. నాళంలోకి సూది గుచ్చి, సూదిలోంచి సన్నటి తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం ఎక్కించే పద్ధతిని స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ ఆ ఏడాది ప్రకటించారు. నేటికీ ఈ చికిత్సలు చేసే గది, అంటే కాథ్‌ల్యాబ్‌లో మొదటి పాఠం అదే. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల వృద్ధురాలు కాలు తీయించుకోవడానికి ససేమిరా అంటే, చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు ఆమె తొడ ధమనిని గొట్టాలతోనే వెడల్పు చేశారు. కాలు నిలిచింది. 1977లో జ్యూరిక్‌లో గ్రూంట్‌జిగ్ గుండె ధమనిలో బెలూన్ ఉబ్బించారు. ఈ చరిత్రలో హైదరాబాద్‌కూ చోటుంది: హృద్రోగ నిపుణుడు బి.సోమరాజు, క్షిపణి శాస్త్రవేత్త ఏపీజే అబ్దుల్ కలాం కలిసి తీసుకొచ్చిన తక్కువ ఖరీదు కలాం-రాజు స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) 1998 నాటిది. వైద్యం, ఇంజనీరింగ్ కలిస్తేనే ఈ రంగం నడుస్తుందనడానికి అంతకు మించిన సాక్ష్యం వెతకనక్కర్లేదు.

రోగ నిర్ధారణ చేతితో మొదలవుతుంది. పాదం మీద నాడి అందుతోందా లేదా చూస్తారు. తర్వాత చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు, ఫలితం 0.9 లేదా అంతకన్నా తక్కువైతే ధమని పూడుకుందని అనుమానించాలి. ఆపైన డాప్లర్ స్కాన్, అవసరమైతే సీటీ యాంజియో. చికిత్సకు గజ్జల్లోనో, మణికట్టు దగ్గరో మత్తు సూది వేసి గొట్టం దించుతారు. గొట్టాల కొలత ఫ్రెంచ్. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. కాంట్రాస్ట్ మందు పంపి, ఎక్స్-రే తెరపై చూస్తూ తీగను పూడిక దాటిస్తారు. అసలు నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. తీగ దాటకపోతే ఆ తర్వాత బెలూన్ లేదు, స్టెంట్ లేదు. ఉబ్బు నరాలకు లేజర్‌తోనో, రేడియో తరంగాలతోనో లోపలి నుంచే సిరను మూసేస్తారు. రక్తస్రావం ఆగకపోతే నాళాన్ని సన్నటి లోహపు చుట్టలతో (కాయిళ్లు) పూడ్చేస్తారు. అంటే దారి తెరవడమే కాదు, మూయడమూ ఈ విద్యలో సగం.

డాక్టర్లకు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఎండీ రేడియాలజీ తర్వాత డీఎం ఇంటర్వెన్షనల్ రేడియాలజీ చేసినవారు తల నుంచి కాలి దాకా నాళాల్లో పనిచేస్తారు. ఎంఎస్ జనరల్ సర్జరీ తర్వాత ఎంసీహెచ్ వాస్కులర్ సర్జరీ చేసినవారికి తీగా చేతిలో ఉంటుంది, కత్తీ ఉంటుంది. తీగతో కానప్పుడు బైపాస్ చేయగలగడం వారి బలం. ఎండీ జనరల్ మెడిసిన్ మీదుగా డీఎం కార్డియాలజీకి వెళ్లేవారి ప్రధాన క్షేత్రం గుండె. సూపర్ స్పెషాలిటీ ప్రవేశాలు నీట్ ఎస్ఎస్ పరీక్ష ద్వారా. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, తిరువనంతపురం శ్రీచిత్ర వంటి సంస్థలకు ఐఎన్ఐ ఎస్ఎస్ అనే పరీక్ష వేరుగా ఉంటుంది. హైదరాబాద్‌లో వాస్కులర్ సర్జరీ శిక్షణకు నిమ్స్ పెద్ద దిక్కు. డీఆర్ఎన్‌బీ కోర్సుల ద్వారా కార్పొరేట్ ఆసుపత్రుల్లోనూ సీట్లుంటాయి. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పీజీ మూడు, సూపర్ స్పెషాలిటీ మరో మూడు: మొత్తం పదకొండున్నరేళ్లు, అదీ ఏ పరీక్షా తప్పకుండా ఉంటే. ముప్పై ఏళ్లకు గానీ సొంతంగా కేసు చేయలేని చదువిది. ఇంట్లో ఆర్థిక పరిస్థితి చూసుకోకుండా దిగకూడదు.

అంత కాలం ఆగలేనివారికి కాథ్‌ల్యాబ్‌లోనే వేరే కుర్చీలున్నాయి. బైపీసీ తర్వాత కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో కార్డియోవాస్కులర్ టెక్నాలజీ, రేడియాలజీ అండ్ ఇమేజింగ్ టెక్నాలజీ వంటి బీఎస్సీ కోర్సులున్నాయి. ఎక్స్-రే యంత్రాన్ని తగిన కోణానికి తిప్పడం, రక్తపోటు గీతలు గమనించడం, డాక్టరు అడిగిన సైజు బెలూన్‌ను క్షణంలో అందించడం వీరి పని. అర్ధరాత్రి పక్షవాతం కేసు వచ్చినా వెళ్లాలి. నర్సింగ్ చదివినవారికీ ఇక్కడ గట్టి గిరాకీ. గొట్టం తీశాక గజ్జల దగ్గర రక్తం ఆగిందో లేదో కనిపెట్టేది వారే.

రేడియేషన్ భయం చాలామంది తల్లిదండ్రులను వెనక్కి లాగుతుంది. భయం కన్నా లెక్క మేలు. అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి ప్రకారం ఉద్యోగికి ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఛాతీకి రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి, ఒంటికి సీసపు ఏప్రాన్, మెడకు కాలరు తప్పనిసరి. నిజానికి ఏళ్ల తరబడి ఏప్రాన్ బరువు మోయడంతో వచ్చే నడుం నొప్పి గురించే ఎవరూ ముందుగా చెప్పరు.

మరో అపోహ డాప్లర్ స్కాన్ ఉద్యోగాల గురించి. అమెరికా, బ్రిటన్‌లలో నాళాల స్కాన్ చేసే టెక్నాలజిస్టులకు ప్రత్యేక ఉద్యోగాలున్నాయి. ఇక్కడ గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో వచ్చిన చట్టం వల్ల అల్ట్రాసౌండ్ యంత్రం అర్హులైన డాక్టర్ల చేతిలోనే ఉంటుంది. ఆ ఉద్యోగం చూపించి ఫీజు అడిగే సంస్థలను నమ్మకూడదు.

పరికరాల తయారీ వైపు వెళ్లే ఎంపీసీ వారికి హైదరాబాద్ పశ్చిమ శివారులోని తెల్లాపూర్ పరిసరాలు బాగా కలిసొచ్చే చోటు. నల్లగండ్ల, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి, హైటెక్ సిటీల్లోని పెద్ద ఆసుపత్రులు ఒక పక్క. నానక్‌రామ్‌గూడలో 2021లో మొదలైన, వైద్య పరికరాల సంస్థ మెడ్‌ట్రానిక్ ఇంజనీరింగ్ కేంద్రం మరో పక్క. అమెరికా వెలుపల ఆ సంస్థకు అదే అతిపెద్ద పరిశోధన కేంద్రం. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కుకు వెళ్తే అక్కడ స్టెంట్లు, బెలూన్ కాథెటర్లు చేసే సహజానంద్ సంస్థ కర్మాగారం ఉంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగం ఉంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలోనూ ఆ కోర్సు ఉంది. అలాగని బయోమెడికల్ డిగ్రీయే ఉండాలని లేదు. పరికరాల్లోని సాఫ్ట్‌వేర్ రాయడానికి, పరీక్షించడానికి కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ వారిని తీసుకుంటారు. స్టెంట్ రూపకల్పనకు మెకానికల్, మెటీరియల్స్ చదువులు పనికొస్తాయి. ఐటీ కొలువు నుంచి ఇటు మారాలనుకునేవారు ఐఎస్ఓ 13485 నాణ్యతా ప్రమాణాన్ని, 2017 నాటి మెడికల్ డివైజెస్ రూల్స్‌ను చదివి వెళ్తే ఇంటర్వ్యూలో తేడా తెలుస్తుంది.

టెక్నాలజిస్టు కోర్సులో చేరేవారు ఫీజు కట్టేముందు మూడు సంగతులు ఆరా తీయాలి. కోర్సుకు విశ్వవిద్యాలయం లేదా పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా? కాలేజీకి అనుబంధంగా రోజూ కేసులు జరిగే కాథ్‌ల్యాబ్ ఉందా? ఇంటర్న్‌షిప్ అక్కడే ఇస్తారా? ఈ మూడింటిలో ఒక్కదానికి జవాబు సూటిగా రాకపోయినా మరో కాలేజీ చూసుకోవాలి.