ఇంగ్లండు పాల బోర్డు చరిత్రము

తన పాడిని తనకు తోచిన ధరకు అమ్ముకొనుటకు రైతు స్వతంత్రుడు కాడా? ఎక్కువమంది సమ్మతించినంత మాత్రమున, సమ్మతింపని వానినిగూడ ఆ కట్టుబాటునకు లోబరచుట న్యాయమగునా? ఈ ప్రశ్న సహకార సంఘ సమావేశములలో తరచుగ వినవచ్చునదే. ఇంగ్లండు, వేల్సు దేశములందు దీనిపై అరువదియేండ్లు ప్రయోగము జరిగినది. ఆ వృత్తాంతమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మొదటి మహాయుద్ధకాలమున, 1917లో, గోధుమకును ఓట్సుకును కనీసపు ధరను, వ్యవసాయ కూలీలకు కనీసపు కూలిని ఏర్పరచుచు అచ్చటి ప్రభుత్వము చట్టము చేసెను. ధరలు పడిపోగానే 1921లో ఆ రెంటిని రద్దు చేసెను. ఆ మాట తప్పుటను అచ్చటి రైతులు చాలకాలము మరువలేదు. 1924లో అధికారమునకు వచ్చిన లేబరు ప్రభుత్వము కూలి సంఘములను తిరిగి నెలకొల్పెను గాని, ధరల విషయము అట్లే మిగిలెను.

అందు పాలరైతు పాట్లు మిక్కిలి. ధాన్యమైనచో గాదెలో పోసి నాలుగునాళ్లు వేచియుండవచ్చును. పాలకు సాయంకాలము వరకే గడువు. వర్తకు డీ సంగతి నెరుగును. పైగా న్యూజీలండు, డెన్మార్కులనుండి చౌక వెన్న దిగుచుండెను. వెన్నకు, ఛీజునకు పాలుపోయు దూరప్రాంతపు రైతులు గిట్టుబాటుగాక తమ పాలను పట్టణములకు పంపసాగిరి. అందువలన త్రాగుపాల ధరకూడ క్రుంగినది. ఒక రైతునకు మరియొక రైతే పోటీదారు డయ్యెను.

1931లో లేబరు ప్రభుత్వపు వ్యవసాయమంత్రి క్రిస్టఫరు ఆడిసను ఒక చట్టము తెచ్చెను. ఒక పంటను పండించువారు అమ్మకపు పథకము వ్రాసికొని వోటు వేయవలెను. వోటు చేసినవారిలో సంఖ్యనుబట్టియు, సరకు పరిమాణమును బట్టియు మూడింట రెండువంతులు అంగీకరించినచో ఆ పథకము అందరికిని శాసనమగును. ఆ ప్రభుత్వము కొలది దినములలోనే పడిపోయినది. అయినను తరువాత వచ్చినవారు చట్టమును త్రోసివేయక, 1933లో మంత్రి వాల్టరు ఇలియటు ద్వారా విదేశపు సరకుపై అదుపునుగూడ చేర్చి బలపరచిరి. ఒక పక్షము నాటిన మొక్కను ఎదుటిపక్షము నీరుపోసి పెంచుట రాజకీయములలో అరుదు.

పాల బోర్డు 1933 అక్టోబరులో పనికి పూనుకొనెను. దాని సభ్యులలో అధికసంఖ్యాకులు రైతులెన్నుకొన్నవారే. అమ్మకము బోర్డు ద్వారానే, డబ్బంతయు ఒక్కరాశి. లెక్క తెలియుటకై మేము వేసికొన్న అంకెలతో చూడుడు. నూరు గ్యాలనులలో 75 త్రాగుటకు గ్యాలను 12 పెన్నీలకు, 25 వెన్నకు 4 పెన్నీలకు అమ్ముడుపోయిన వనుకొందము. మొత్తము 900ను 100ను కలిసి వేయి పెన్నీలు. పాలు ఎచ్చటికి పోయినను ప్రతిరైతునకు గ్యాలనుకు పది పెన్నీలు. ఆచరణలో దేశమును పదునొకండు ప్రాంతములుగ విభజించి లెక్క కట్టుచుండిరి. నెలనెలకు చెక్కు ఇంటికి వచ్చెడిది.

పట్టణమునకు దగ్గరనున్న రైతు తన పండ్రెండు పెన్నీలలో రెండు పోయినవని మొరపెట్టెను. అతని లెక్క తప్పుగాదు గాని సగమే. బోర్డు లేనిచో ఆ పాతిక గ్యాలనులును అతని పట్టణమునకే వచ్చి యుండును; అప్పుడు పండ్రెండు నిలుచునా?

ఇంతకన్న గట్టి ఆక్షేపణ సహకారులనుండియే వచ్చినది. ఇంగ్లండులో సహకారోద్యమము ప్రధానముగ పట్టణ కార్మికులది. 1844లో రాచ్‌డేలులో అంగడి తెరచినవారు పిండి, వెన్న, పంచదార కొనువారే గాని పండించువారు గారు. వారి సంఘములు పట్టణములలో పాలు పంచు పెద్ద వ్యాపారులుగ ఎదిగినవి. ఉత్పత్తిదారులకే ధర నిర్ణయించు అధికార మిచ్చిన కొనువాని గతి యేమని వారడిగిరి. ఈ ప్రశ్నను మన రైతులు తేలికగ కొట్టివేయరాదు. దీనికి దొరికిన జవాబులలో మంచిది బడిపిల్లల పాలు. 1934నుండి బోర్డును ప్రభుత్వమును కలిసి బడులలో మూడవవంతు పైంటు పాలను అరపెన్నీకి ఇచ్చిరి. 1946లో లేబరు ప్రభుత్వము అవి ఉచితము చేసెను. రైతునకు గిరాకి, బిడ్డకు పుష్టి. 1968లో పెద్దబడుల పిల్లలకు దీనిని మాన్పినదియు లేబరు ప్రభుత్వమే. 1971లో కన్సర్వేటివులు ఏడేండ్లు దాటిన పిల్లలకును మాన్పిరి.

1947లో మంత్రి టామ్ విలియమ్సు తెచ్చిన వ్యవసాయ చట్టము ముఖ్యమైన పంటలకు, పాలకు, పశువులకు ధరను విపణిని హామీ యిచ్చెను. ఈ మంత్రి పూర్వము బొగ్గుగనిలో పనిచేసినవాడు. ప్రతి ఫిబ్రవరిలో రైతు సంఘముతో కూర్చుండి ధరలు సమీక్షించెడివారు. కాని హామీ ఉచితముగ రాలేదు: సేద్యము చెడగొట్టువానిని పర్యవేక్షణక్రింద నుంచుటకు, తుదకు భూమినుండి తొలగించుటకు జిల్లా కమిటీల కధికార ముండెను. ఆ తొలగించు అధికారము 1958లో పోయినది. లేబరు పక్షములోను అందరొకే మాట మీద లేరు. 1950లో ఆహారశాఖ ఉపమంత్రి స్టాన్లీ ఎవన్సు రైతులను మెత్తని పరుపుపై పరుండబెట్టుచున్నారని విమర్శించి పదవిని విడువవలసి వచ్చెను.

బోర్డు 1994లో రద్దయినది. దానికి బదులు రైతులు స్వచ్ఛందముగ మిల్క్ మార్క్ అను సహకారసంఘమును స్థాపించిరి. అది విపణిపై మితిమీరిన పట్టు సంపాదించెనని గుత్తవ్యాపార విచారణసంఘము 1999లో తేల్చగా, 2000లో మూడు ముక్కలైనది. ఎదుటనున్న పెద్ద అంగళ్ల పట్టు మాత్రము చెదరలేదు! పాడిరైతుల సంఖ్య నేడు 1995నాటి దానిలో మూడవవంతునకు లోపే. బోర్డు ఉన్నప్పుడును ఈ సంఖ్య తగ్గుచునే యుండెను గావున, నేరమంతయు రద్దుపై మోపుట న్యాయము గాదు.

బోర్డు తిరిగి రాలేదు. పెద్ద అంగళ్లు తమకు సరకు పంపువారిని పీడింపకుండ చూచుటకు 2013లో ఒక న్యాయనిర్ణేతను నియమించిరి. అయితే ఆ పదవికిగల అధికారము అంగడికి నేరుగ సరకు అమ్మువారి వరకే. పాలను కర్మాగారమునకు పోయు రైతునకు అది అందలేదు. వానికొరకు 2024లో వేరు నిబంధనలు వచ్చినవి: ఒప్పందము వ్రాతమూలకముగ నుండవలెను, ధర యెట్లు కట్టుదురో అందు స్పష్టముగ చెప్పవలెను, కొనువాడు తన యిచ్చవచ్చినట్లు దానిని మార్చరాదు.