తల నెరయుట, జుట్టు పలుచబడుట: రంగు పొట్లములను గూర్చి తెలియవలసినవి

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనము 1998 నవంబరు 22వ తేదీన ప్రారంభమైనది. అంతకు పూర్వము మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి మన గ్రామములవంటి గ్రామములే. నేడు ఆ హైటెక్ సిటీ ప్రాంతమున పనిచేయువారిలో పల్లెల బిడ్డలు అనేకులు కలరు. నలుబదియేండ్లు నిండని కుమారుడు పండుగకు ఇంటికి వచ్చి, నగరపు నీటివలన జుట్టు ఊడిపోవుచున్నదని చెప్పుటయు, తలకు రంగు వేసికొనుటయు, “సహజమైనది” అని వ్రాసియున్న పొట్లమొకటి తల్లికి ఇచ్చిపోవుటయు సభ్యులలో పలువురు చూచియే యుందురు. ఆ పొట్లమును గురించియే ఈ పాఠము.

వెంట్రుకకు నలుపు చర్మములోపల, దాని కుదురువద్ద ఏర్పడును. మెలనిన్ అను రంగును తయారుచేయు కణములు అచ్చట కలవు. వయస్సు పైబడుకొలది అవి తగ్గిపోయి, వెంట్రుక తెల్లగనే పుట్టును. వెలుపలికి వచ్చిన వెంట్రుకకు ప్రాణము లేదు. కావున ఏ తైలము రాచినను తెల్లని వెంట్రుక తిరిగి నల్లబడదు. గుంటగలగర తైలముగాని, మందారాకుగాని జుట్టును మెత్తపరచి మెరుగునిచ్చును, అంతవరకే. నలుపు కావలెనన్న రంగు వేయవలసినదే. ఇరువదియైదేండ్ల లోపుననే తల నెరసినచో అది వంశ లక్షణమో, బి12 విటమిను లోపమో, థైరాయిడ్ వ్యాధియో వైద్యునివలన తెలిసికొనుట మంచిది.

జుట్టు పలుచబడుట వేరు సంగతి. దినమునకు 50 మొదలు 100 వెంట్రుకల వరకు రాలుట సహజమే. పురుషులకు నుదురు వెనుకకు జరుగుటయు, నడినెత్తి బయటపడుటయు చాలవరకు వంశపారంపర్యము. స్త్రీలకు ముట్లుడుగు వయస్సున పాపట వెడల్పగును. టైఫాయిడ్, డెంగ్యూవంటి జ్వరములు వచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పు పిదప కూడ, జుట్టు గుప్పెళ్లుగా రాలును. ఇది సాధారణముగా కొన్ని నెలలలో తిరిగి మొలచును. రక్తహీనత మరియొక కారణము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము రెండు తెలుగు రాష్ట్రములందును 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తము తక్కువ. జుట్టు రాలుచున్నదని చెప్పు స్త్రీకి నూనె సీసా చూపుటకంటె ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుట యుక్తము.

ఇక నీటి మాట. బోరునీటిలో సున్నము, మెగ్నీషియము లవణములు హెచ్చుగా ఉన్నచో సబ్బు నురుగు రాక తలకు తెట్టుకట్టును. జుట్టు బిరుసెక్కి మధ్యలో తెగును. కాని అట్టి నీరు కుదుళ్లను చంపదు. రాలిన వెంట్రుకను వెలుతురున చూడుడు: ఒక కొనకు తెల్లని చిన్న ఉండ ఉన్నచో అది కుదురునుండి వచ్చినది, లేనిచో తెగినది. తెగినదానికి నీరు కారణము కావచ్చును. కుంకుడురసమునకు సబ్బువలె తెట్టుకట్టు గుణము లేదు. ఈ విషయమున మన అమ్మమ్మలదే పైచేయి.

మొక్కలవలన వచ్చు రంగు రెండింటి కలయిక. గోరింటాకు ఒక్కటియే పెట్టినచో తెల్లని వెంట్రుక నారింజ ఎరుపగును. దానిపై నీలియాకు పొడి పెట్టినచో నలుపు వచ్చును. ఈ నీలి మనకు క్రొత్తది కాదు. కడప, నెల్లూరు సీమలలో నీలిమందు కొరకు ఒకప్పుడు విరివిగా పండించిన మొక్కయే. 1897లో జర్మనీ రసాయన నీలిని అంగడికి తెచ్చిన పిదప ఆ పంట క్షీణించినది. గోరింటపొడిని గోరువెచ్చని నీటితో కలిపి కొన్ని గంటలు నానబెట్టి, తలకు పట్టించి, రెండు గంటల పిదప కడుగవలెను. తరువాత నీలిపొడిని నీటితో కలిపి, పావుగంట ఆగి పట్టించి, గంట పిదప వట్టినీటితో కడుగవలెను. నలుపు మరునాటికి గాని తేరదు. పూట పట్టు పని. సహజమైన రంగునకు ఇదియే గుర్తు.

“పది నిమిషములలో నల్లబరచు గోరింట” యని అమ్ము పొట్లములో గోరింట పేరు మాత్రమే గొప్పది. గోరింట ఎన్నడును నిమిషములలో నలుపు నీయదు. అట్టివానిలో పారా ఫినిలీన్ డయమిన్ అను రసాయనము ఉండును. ఇది కొందరికి పడదు. నెత్తి పొక్కును, ముఖము వాచి కన్నులు మూసికొనిపోవును. ఒకసారి పడనివారికి మరల ఎప్పుడును పడదు. కావున చెవి వెనుక కొంచెము రాచి రెండు దినములు చూడవలెను. పెండ్లికి ముందునాటి సాయంకాలము క్రొత్త రంగు వేసికొనుట తగదు. ఈ రసాయనముగల రంగుల చీటీపై, ముందుగా పరీక్షించవలెననియు, కనుబొమలకు వాడరాదనియు, స్థానిక భాషలో కూడ హెచ్చరిక ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. సంతలో తెలుగు హెచ్చరికయు, తయారీదారు పేరును లేని పొట్లము కనబడినచో సభ్యులు ఔషధ తనిఖీ అధికారికి తెలుపవచ్చును.

ఇంతకంటె ఘోరమైనది వేరొకటి కలదు. పిల్లలు తెలియకగాని, పెద్దలు ఆవేశములోగాని ఈ రంగును మ్రింగినచో కొద్ది గంటలలోనే నాలుక, గొంతు వాచి ఊపిరాడదు. అటుపిమ్మట కండరములు చితికి మూత్రపిండములు చెడును. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు ఇట్టి రోగులను పలువురను చూచిరి. దీనికి విరుగుడు మందు లేదు. వేళకు ఊపిరి నిలబెట్టినచో బ్రతుకుదురు. గొంతు వాచువరకు ఇంట నిలుపక, మజ్జిగ త్రాగించి కాలయాపన చేయక, తక్షణమే 108 బండిని పిలిచి పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. మనసు చెదరిన వారితో మాటలాడుటకు 14416 సంఖ్యగల ప్రభుత్వ టెలీమానస్ సేవ రేయింబవళ్లు ఉచితముగా కలదు. ఈ సంఖ్యలు రెండును పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెనని మా కోరిక.

గోరింట కొమ్మ నాటినను బ్రతుకును, కంచెగాను పెరుగును. ఆకును నీడన ఆరబెట్టి, పొడిచేసి, మూతగట్టి డబ్బాలో ఉంచవలెను. తేమ తగిలినచో రంగు తగ్గును.