మందుల వల్ల వచ్చే గుండె దడ: ఏమి చేయాలి, ఏమి చేయకూడదు

"గుండె దడదడా కొట్టుకుంటా ఉంది, దడ తగ్గే మాత్ర ఒకటి ఇయ్యండి" అని మందుల షాపులో అడిగి తీసుకోవడం మన ఊళ్ళల్లో మామూలు. చాలాసార్లు ఆ మాత్ర అవసరమే ఉండదు. కొన్నిసార్లు అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే దడకు కారణం అంతకు ముందు మనం మింగిన, పీల్చిన, లేక సూదితో ఎక్కించుకున్న మరో మందు కావచ్చు. ఆ సంగతి ఈ పాఠంలో నేర్చుకుందాం.

నాడి చూడడం నేర్చుకోండి

అరచేయి పైకి పెట్టి, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించండి. గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి, ఆ సంఖ్యను రెండింతలు చేయండి. కదలకుండా కూర్చున్న పెద్దవారిలో నిమిషానికి 60 నుండి 100 సార్లు కొట్టుకోవడం సహజం. చిన్నపిల్లలలో ఇంకా ఎక్కువ ఉంటుంది. పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు, జ్వరంలో వేగం పెరిగి మళ్ళీ తగ్గుతుంది.

గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే ఒక్కో దెబ్బకు 0.8 సెకను దొరుకుతుంది. 150 అయితే 0.4 సెకనే. ఇందులో ఎక్కువగా తరిగిపోయేది గుండె వదులై రక్తం నింపుకునే సమయం. గుండె కండరానికి రక్తం అందేది కూడా ముఖ్యంగా ఆ వదులైన క్షణంలోనే. అంటే వేగం పెరిగినప్పుడు గుండెకు పని ఎక్కువ, తిండి తక్కువ. వయసు మళ్ళినవారికి, ముందే గుండెజబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదం.

ఉత్తేజక మందులు ఏవి?

కుక్క వెంటబడితే మన ఒంట్లో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, చేతులు వణుకుతాయి. ఇదే పనిని బయటినుండి చేసే పదార్థాలను ఉత్తేజక మందులు అనవచ్చు. మనకు తారసపడేవి ఇవి:

1. ఉబ్బసం మందులు: సాల్బుటమాల్, థియోఫిలిన్, డెరిఫిలిన్.
2. జలుబు మాత్రలలోని సూడోఎఫిడ్రిన్, ఫినైల్‌ఎఫ్రిన్.
3. టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులలోని కెఫీన్. బీడీ, సిగరెట్, పొగాకులోని నికోటిన్.
4. మెఫెంటెర్మిన్ సూది. మత్తు ఇచ్చినప్పుడు బి.పి. పడిపోతే పైకి తేవడానికి ఆపరేషన్ థియేటరులో వాడే మందు ఇది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా జిమ్ములలో బలం వస్తుందని యువకులకు అమ్ముతుండగా హైదరాబాదులో అధికారులు పట్టుకున్నారు.
5. మెథాంఫెటమైన్, ఎం.డి.ఎం.ఎ., కొకైన్ వంటి మాదకద్రవ్యాలు.

చివరివి నగరాల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. మన పిల్లలు ఎందరో పనికోసం, చదువుకోసం బెంగళూరులో ఉన్నారు. రాత్రంతా టమాటా లోడు తోలే డ్రైవరుకు నిద్ర ఆపుకోవాలనే ఒత్తిడి ఉంటుంది. నిద్రను ఏ మందూ తీర్చదు, వాయిదా మాత్రమే వేస్తుంది.

మన ఇళ్ళల్లో ఉన్న మందు: ఉబ్బసం మాత్ర

మన ప్రాంతంలో గ్రానైటు దుమ్ము, పట్టు రీలింగ్ పని, కట్టెల పొయ్యి పొగ, బీడీలు అన్నీ ఊపిరితిత్తులను దెబ్బతీసేవే. అందుచేత ఆయాసం మాత్రలు లేని వీధి ఉండదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ చికిత్సకు పేరు పొందిన చోటు. క్షయ తగ్గిన తరువాత కూడా కొందరికి ఆయాసం మిగిలిపోతుంది. వారూ ఈ మాత్రలు వాడుతుంటారు.

"పీల్చే మందు అలవాటైపోతుంది, మాత్రే మంచిది" అని చాలామంది నమ్ముతారు. లెక్క చూడండి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. ఒక మాత్రలో ఉండేది 2 లేక 4 మిల్లీగ్రాములు. 4 మిల్లీగ్రాముల మాత్ర అంటే 40 సార్లు నొక్కినంత మందు! ఇన్‌హేలర్‌లోని మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. మాత్రలోనిది రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. దడ, చేతి వణుకు మాత్రతో ఎక్కువగా రావడానికి ఇదే కారణం. మోతాదు మించితే రక్తంలో పొటాషియం కూడా తగ్గి గుండె లయ తప్పవచ్చు.

డెరిఫిలిన్, థియోఫిలిన్ సంగతి ఇంకా సున్నితం. మేలు చేసే మోతాదుకు, కీడు చేసే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. వాంతులు, నిద్ర పట్టకపోవడం, దడ మొదటి హెచ్చరికలు. ఆ తరువాత ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. రోజూ వేసుకునే మాత్ర మారకపోయినా ఈ నాలుగు సందర్భాలలో రక్తంలో థియోఫిలిన్ పెరిగిపోతుంది:

- సిప్రోఫ్లాక్సాసిన్ లేక ఎరిత్రోమైసిన్ మాత్రలు కలిపి వాడినప్పుడు.
- బీడీ, సిగరెట్ మానినప్పుడు. పొగ ఉన్నన్నాళ్ళు కాలేయం ఈ మందును త్వరగా విరిచేస్తుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గుతుంది.
- క్షయకు వాడే రిఫాంపిసిన్ కోర్సు పూర్తయినప్పుడు. కారణం పైదే.
- తీవ్రమైన జ్వరం, కాలేయ జబ్బు, గుండె బలహీనత ఉన్నప్పుడు.

ఉదాహరణకు గుడుపల్లెలో ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి డెరిఫిలిన్ వాడుతున్నారనుకోండి. విరేచనాలు పట్టుకుంటే షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చుకున్నారు. నాలుగో రోజు వాంతులు, దడ. "గుండె పట్టేసిందేమో" అని కోడలు కంగారు పడి దడ తగ్గే మాత్ర తెప్పించింది. అది ప్రొప్రనలాల్. ఈ మందు నాడిని తగ్గిస్తుంది, కాని ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలను బిగించేస్తుంది. దడతో బయటపడవలసిన మనిషి ఊపిరాడక ప్రమాదంలో పడతాడు. బీడీ మానడం తప్పు కాదు, క్షయ మందు పూర్తి చేయడమూ తప్పు కాదు. ఆ మార్పును డాక్టరుకు చెప్పకపోవడమే తప్పు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

ఉబ్బసం దాడి ముదిరినప్పుడు మందు లేకపోయినా నాడి 120 దాటుతుంది. అప్పుడు "ఇన్‌హేలర్ వల్లే దడ" అనుకుని దానిని ఆపితే మనిషి దక్కడు. ఒక మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం ఉంటే, సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో ఒక్కొక్కసారిగా 4 సార్లు పీల్పించి, 20 నిమిషాలకొకసారి మళ్ళీ ఇస్తూ ఆస్పత్రికి బయలుదేరండి. ఆయాసం లేకుండా దడ, వణుకు మాత్రమే ఉంటే మరో మోతాదు వేయకుండా డాక్టరును అడగండి.

ఇంట్లో చేయవలసినవి

1. అనుమానం ఉన్న మందు, టీ, కాఫీ, బీడీ ఆపండి.
2. గాలి వచ్చే చోట కూర్చోబెట్టండి. చుట్టూ గుంపు చేరనివ్వవద్దు. మెల్లగా మాట్లాడండి. భయం నాడిని ఇంకా పెంచుతుంది.
3. నాడి లెక్కపెట్టి, టైముతో సహా కాగితం మీద వ్రాయండి.
4. ఒళ్ళు కాలిపోతుంటే బట్టలు వదులు చేసి, తడిబట్టతో తుడిచి, విసరండి. మాదకద్రవ్యాల వల్ల వచ్చే వేడికి పారాసిటమాల్ పనిచేయదు. చల్లబరచడమే వైద్యం.
5. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయవద్దు. వాంతి చేయించవద్దు.
6. ఆందోళనగా కొట్టుకులాడే మనిషిని తాళ్ళతో కట్టవద్దు. పెనుగులాటలో ఒంటి వేడి, గుండె భారం రెండూ పెరుగుతాయి.
7. మందు స్ట్రిప్పు, సీసా, సూది ఏది దొరికితే అది వెంట తెండి.

వెంటనే 108కి ఫోను చేయవలసిన గుర్తులు: ఛాతీ నొప్పి, సొమ్మసిల్లడం, ఫిట్స్, మాట తడబడడం, విపరీతమైన ఒంటి వేడి, ఆయాసం, లేక పావుగంట కూర్చున్నా నాడి 120కి తగ్గకపోవడం. చిన్నపిల్ల పొరపాటున మాత్రలు మింగితే ఏ గుర్తూ లేకపోయినా తీసుకురండి.

ఆస్పత్రిలో ఏమి చేస్తారు?

ఇ.సి.జి., బి.పి., ఒంటి వేడి, రక్తంలో చక్కెర, పొటాషియం చూస్తారు. దడకు రక్తహీనత, థైరాయిడ్, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ కూడా కారణాలే కనుక వాటినీ పరీక్షిస్తారు. ఉత్తేజక మాదకద్రవ్యం వల్ల అయితే మొదట ఇచ్చేది గుండె మందు కాదు. డయజిపామ్, లోరాజిపామ్ వంటి నెమ్మదింపజేసే మందును నరంలోకి మెల్లగా ఇస్తారు. మెదడు ఉద్రేకం తగ్గితే నాడి, బి.పి. సాధారణంగా అవే దిగుతాయి. సెలైను పెడతారు, ఒళ్ళు చల్లబరుస్తారు. మింగిన మాత్రలు ఎక్కువైతే బొగ్గు మందు తాగిస్తారు. థియోఫిలిన్ విషయంలో దీనిని పలుమార్లు ఇవ్వవలసి రావచ్చు.

నర్సులు గుర్తుంచుకోవలసిన సంగతి: గుండె లయ తప్పి వేగం హఠాత్తుగా పెరిగినప్పుడు ఇచ్చే అడినోసిన్ సూది, థియోఫిలిన్ వాడేవారిలో సరిగా పనిచేయకపోవచ్చు. కొకైన్ తీసుకున్నవారికి ప్రొప్రనలాల్ ఇస్తే రక్తనాళాలు బిగిసి బి.పి. ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. చూడండి, ఒక్క పేరు తెలిస్తే చికిత్స దారే మారుతుంది.

దాచవద్దు

అందుకే మందు పేరు దాచవద్దు. "మా అబ్బోడు అట్లాంటోడు కాదు" అని తల్లి అనవచ్చు. నాన్న ఎదుట కొడుకు నోరు విప్పకపోవచ్చు. అప్పుడు పెద్దలు కాసేపు బయటకు వెళ్ళి, వాడిని డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. పరువు గురించిన మాటలు రేపు మాట్లాడుకోవచ్చు. కేసు భయం ఉన్నవారు ఒకటి తెలుసుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, కొద్ది మొత్తానికి లేక వాడినందుకు కేసు ఉన్న వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ లేక ప్రభుత్వం గుర్తించిన ఆస్పత్రిలో చికిత్సకు వచ్చి, దానిని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ ఉంది. వ్యసనం మానాలనుకునేవారు 14446కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. మా ఇంట్లో ఆయాసం మాత్రలు వాడేవారు ఎవరు? వాటి పేర్లు ఒక కాగితం మీద ఉన్నాయా?
2. కొత్త మాత్ర కొనేటప్పుడు ఆ కాగితం చూపిస్తున్నామా?
3. ఇంట్లో నాడి చూడడం వచ్చినవారు కనీసం ఒకరైనా ఉన్నారా?
4. మా పిల్లలు ఏదైనా తప్పు చేసినా భయపడకుండా వచ్చి చెప్పుకోగల ఇల్లేనా మాది?

మొదటి మూడింటికి ఈ సాయంత్రమే జవాబు సిద్ధం చేసుకోవచ్చు. నాలుగోదానికి కొంత కాలం పడుతుంది. దానిని ఈ రోజే మొదలుపెట్టండి.