పాత కారూ, నల్లరేగడీ

మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి కొన్నేళ్లపాటు హెరాల్డ్ అనే చిన్న కారును తయారుచేసింది. ఇంగ్లాండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు దీనికి తమ్ముడే. హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టిచేసి దాన్ని కట్టారు. రెంటిలోనూ బోల్టులు విప్పితే బాడీ ఛాసిస్ నుంచి ఊడివస్తుంది. ఇంటి వాకిట్లో ఓపికగా బాగుచేసుకోవడానికి ఇది ఎంతో అనువు.

సరే, అమరావతి చుట్టుపక్కల పత్తిచేల దారుల్లో తిరిగిన హెరాల్డ్ ఒకటి దొరికిందనుకోండి. ముందు ఎక్కడ చూడాలి? పైరంగు కాదు, అడుగుభాగం చూడాలి. మన నల్లరేగడి నీళ్లు తాగితే ఓ పట్టాన వదలదు. చక్రాలు చిమ్మిన బురద ఛాసిస్ మూలల్లో అంటుకుని, పైకి ఎండినట్లున్నా లోపల తడిగానే ఉంటుంది. తేమా, గాలిలోని ప్రాణవాయువూ రెండూ తగిలితే ఇనుము తుప్పుపడుతుంది. తుప్పుకు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి. అందుకే రంగు పొక్కులు లేస్తుంది. ఆ పొక్కుల మీదే కొత్తరంగు వేయించేవాళ్లూ ఉన్నారు! లోపల తుప్పు తినడం మానదు. చివరికి జాకీ పెట్టి ఎత్తబోతే అది రేకులోంచి దూసుకుపోవచ్చు. జాకీ మీద నిలిపిన కారు కిందికి మీరు మాత్రం దూరకండి.

కారు లేకపోయినా పరీక్ష చేయవచ్చు. మూడు కొత్త మేకులు తీసుకోండి. ఒకటి బాగా ఎండిన రేగడిపొడిలో, ఒకటి తడి రేగడిలో, మూడోది గ్రీజు పూసి అదే తడి రేగడిలో పాతండి. పదిరోజులయ్యాక తీసి, కడిగి, పక్కపక్కన పెట్టి చూడండి.