చరిత్ర చదివితే కూడు దొరుకుతుందా?

పుదుచ్చేరి దగ్గరి పిళ్ళైచావడిలో ఇంజినీరింగ్ అడ్మిషన్ల రోజులు. యానాం నుంచి కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన ఓ తండ్రి నా దగ్గర ఆగారు. "సీటొచ్చాక హిస్టరీ అంటుందేమిటండీ! మీరైనా గడ్డి పెట్టండి." పిల్ల ఫైలు గుండెకి అదుముకుని నేలచూపులు చూస్తోంది. ఓడలెక్కి దీవులకు పోయిన తమ ఊరివాళ్ల గురించి తెలుసుకోవాలన్నది ఆమె కోరిక. నేను పిల్ల పక్షానే మాట్లాడాను.

చరిత్ర అంటే రాజుల పేర్లు బట్టీ పట్టడమేనని మన ఇళ్లలో గట్టి నమ్మకం. కానీ అమెరికాలోని వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అనే మ్యూజియం ఊరిని చూడండి. 18వ శతాబ్దంలో ఆ ఊరి జనంలో సగానికి పైగా నల్లజాతివారే. వారు ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో, ఎవరికి అమ్ముడుపోయారో వెతికి సందర్శకులకు చెప్పడం అక్కడ జీతమొచ్చే పని.

మనకూ అలాంటి బానిసల చరిత్ర ఉంది. ఫ్రెంచివారు పుదుచ్చేరి నుంచి మారిషస్, రీయూనియన్ దీవులకు బానిసలను పంపారు. మాయమాటలతో జనాన్ని పట్టుకొచ్చి అమ్మిన ఉదంతాన్ని 1743లో పుదుచ్చేరి వర్తకుడు ఆనందరంగ పిళ్ళై తన దినచర్యలో రాసుకున్నారు. 1828లో యానాం నుంచి తెలుగు ఒప్పంద కూలీలు రీయూనియన్ చేరారు. మారిషస్ వెళ్లిన మనవాళ్లకు కోరంగి రేవు పేరే పడిపోయింది. బానిసత్వం వేరు, ఒప్పంద కూలీతనం వేరు. ఆ తేడా తెలియనివారు పరిశోధన జోలికి పోకూడదు.

మారిషస్‌లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల రిజిస్టర్లున్నాయి. మనిషికో వరుస: పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద మచ్చ, కులం, ఊరు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన ఊరిపేరును గోదావరి యాస ఎరిగిన పిల్ల ఇట్టే పోల్చుకుంటుంది. అది ఏ కోచింగూ నేర్పలేని విద్య.

డిగ్రీ ఏదైనా సరే, చరిత్రలో ఎంఏ చేయొచ్చు. కాలాపేటలోని పాండిచ్చేరి యూనివర్సిటీ పిళ్ళైచావడి పక్కనే ఉంది.

అసలు జాగ్రత్త డబ్బు దగ్గర. "మూడు నెలల్లో ఫ్రెంచ్" అనే ప్రకటన చూసి వేలు పోయకండి. పాత ఫ్రెంచ్ దస్తావేజు చదవాలంటే భాష మీద రెండు మూడేళ్లు కూర్చోవాలి, ఆనాటి చేతిరాతకు కన్ను అలవాటు పడాలి. హెరిటేజ్ పేరుతో అమ్మే పొట్టి కోర్సుల సర్టిఫికెట్లతో ఉద్యోగాలు రావు. ఇల్లు తాకట్టు పెట్టి విదేశాల్లో మాస్టర్స్ చేయించడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. ఇక్కడే చదివి, యూజీసీ నెట్ పరీక్ష రాసి, పరిశోధకులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. విదేశీ ఆర్కైవ్స్‌కు ఆ తర్వాత స్కాలర్‌షిప్ మీద వెళ్లొచ్చు.

కొలువులు తక్కువే, దాచిపెట్టను. అధ్యాపకత్వం, ఆర్కైవ్స్, మ్యూజియం, అనువాదం, వారసత్వ నడకలు: వీటిలో రెండింటికి సిద్ధపడినవారే నిలదొక్కుకుంటారు. పరిశోధనలో దిగకముందే బీఈడీ కూడా చేసిపెట్టుకోమని నా సలహా. కానీ ఇష్టం లేని ఇంజినీరింగ్‌లో బ్యాక్‌లాగ్‌లు మోస్తూ నా ముందు కన్నీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ నాలుగేళ్లు ఎవరు తిరిగిస్తారు?

అమ్మానాన్నలకు ఒకటే మాట. ఫీజు కట్టే ముందు బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం చదవాలనుందో అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.