ఆర్‌పీజీ గేమ్స్‌లో కమాండర్ క్లాస్: పవర్ బ్యాంక్‌లా కాదు, రౌటర్‌లా డిజైన్ చేయండి

ఫాంటసీ గేమ్‌లో మాంత్రికుడు చేతిలోంచి నిప్పుల బంతి విసిరితే మనకు ఏ అనుమానమూ రాదు. అదే గేమ్‌లో ఒక సేనాని "లే, కొట్టు!" అని అరవగానే పక్కవాడి హెల్త్ బార్ నిండిపోతే మాత్రం "ఇదెలా కుదురుతుంది?" అనిపిస్తుంది. కారణం సింపుల్. నిప్పుల బంతి ఎలా పనిచేస్తుందో మనలో ఎవరికీ తెలీదు కాబట్టి గేమ్ ఏం చెప్తే అది నమ్ముతాం. ఆర్డర్ వేయడం, ఆర్డర్ వినడం మాత్రం అందరికీ తెలుసు. గల్లీ క్రికెట్‌లో కెప్టెన్‌ని చూశాం. బీజీఎంఐలో ఐజీఎల్ చెప్పినట్టు రొటేట్ అయ్యాం. ఐజీఎల్ మైక్ కట్ అయితే స్క్వాడ్ ఎలా చెల్లాచెదురవుతుందో కూడా చూశాం.

అందుకే లీడర్ క్లాస్ డిజైన్ చేయడం మాంత్రికుడిని డిజైన్ చేయడం కంటే కష్టం. సొంతంగా గేమ్ చేసేవాళ్లకైనా, ఫ్రెండ్స్‌తో టేబుల్‌టాప్ ఆడేవాళ్లకైనా పనికొచ్చే విషయాలు ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

అరుపుతో గాయం మానుతుందా?

2008లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ వచ్చింది. అందులో వార్‌లార్డ్ అనే క్లాస్ ఉంది. మ్యాజిక్ లేదు, దేవుడి వరం లేదు, కేవలం యుద్ధ అనుభవం. కానీ "ఇన్‌స్పైరింగ్ వర్డ్" అనే పవర్‌తో తోటివాళ్ల హిట్ పాయింట్స్ పెంచగలడు. దీని మీద ఫ్యాన్స్ మధ్య పెద్ద గొడవే నడిచింది. మాటలతో తెగిన చెయ్యి అతుక్కుంటుందా అని ఒక వర్గం. హిట్ పాయింట్స్ అంటే రక్తమాంసాలే కాదు, ఓపిక, ధైర్యం, అదృష్టం కూడా అని ఇంకో వర్గం.

రూల్ జాగ్రత్తగా చదివితే ఒక తెలివైన పాయింట్ కనిపిస్తుంది. వార్‌లార్డ్ అరిచినప్పుడు ఖర్చయ్యేది దెబ్బతిన్నవాడి సొంత "హీలింగ్ సర్జ్". అంటే వార్‌లార్డ్ కొత్త శక్తిని పుట్టించట్లేదు. అవతలివాడిలో దాచి ఉన్న రిజర్వ్‌ని బయటికి తీయిస్తున్నాడు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఇంకో దారి పట్టింది. బ్యాటిల్ మాస్టర్ అనే ఫైటర్‌కి "ర్యాలీ" ఇచ్చారు. ఇది గాయం మాన్పదు, తాత్కాలిక హిట్ పాయింట్స్ ఇస్తుంది. అంటే ఇంకో రెండు దెబ్బలు తట్టుకునే తెగువ. ఇక్కడ ఎవరికీ అబ్జెక్షన్ లేదు, ఎందుకంటే కారణానికి తగ్గ ఫలితం ఉంది.

మొదటి పాఠం ఇదే. మాట వల్ల ధైర్యం, టైమింగ్, పొజిషన్ వస్తాయి. మాంసం, ఎముక రావు.

ఆర్డర్ అంటే ఒక మెసేజ్

చాలా గేమ్స్‌లో లీడర్ అంటే పక్కన నిలబడితే ప్లస్ టెన్ పర్సెంట్ ఎటాక్. అది పవర్ బ్యాంక్. కనెక్ట్ చేస్తే చార్జ్ ఎక్కుతుంది, అంతే. నిజమైన లీడర్ రౌటర్ లాంటివాడు. డేటాని తయారుచేయడు, సరైన చోటికి సరైన టైమ్‌కి పంపుతాడు. రౌటర్ కొనేముందు మనం ఏం అడుగుతామో, లీడర్ క్లాస్ గురించి కూడా అవే అడగాలి.

1. రేంజ్ ఎంత? ఐదో ఎడిషన్‌లో ర్యాలీకైనా, "కమాండర్స్ స్ట్రైక్"కైనా ఒక షరతు ఉంది. అవతలివాడు నిన్ను చూడగలగాలి, లేదా వినగలగాలి. చిన్న లైనే కానీ దీనివల్ల ఎన్ని సీన్లు పుడతాయో చూడండి. శత్రు మాంత్రికుడు "సైలెన్స్" వేస్తే గొంతు పనిచేయదు, చెయ్యి ఊపాలి. పొగమంచు కమ్మితే చెయ్యి కనబడదు, కేక వేయాలి. రెండూ కలిసి వచ్చాయంటే సేనాని పక్కనే ఉన్నా టీమ్ ఒంటరిదే.

2. బ్యాండ్‌విడ్త్ ఎంత? ఒకేసారి ఎంతమందికి ఆర్డర్ ఇవ్వగలడు? 2025లో పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌కి కమాండర్ క్లాస్ వచ్చింది. అతని ట్యాక్టిక్స్ దారినపోయే ప్రతివాడికీ పనిచేయవు. ముందే ఎంచుకుని తయారుచేసుకున్న కొద్దిమంది స్క్వాడ్‌మేట్స్‌కే పనిచేస్తాయి. ఇది నమ్మేలా ఉంది. ప్రాక్టీస్ చేయని టీమ్‌కి కోడ్ వర్డ్ చెప్తే ఎవరికి అర్థమవుతుంది?

3. ఖర్చు ఎవరిది? కమాండర్స్ స్ట్రైక్ వాడాలంటే చెప్పేవాడు తన దాడుల్లో ఒకటి వదులుకోవాలి, 2014 రూల్స్‌లో అయితే బోనస్ యాక్షన్ కూడా పోయేది. వినేవాడు తన రియాక్షన్ ఖర్చుపెట్టాలి. చెప్పడానికీ టైమ్ పడుతుంది, వినడానికీ టైమ్ పడుతుంది. ఫ్రీగా వచ్చే ఆర్డర్ ఎప్పుడూ నకిలీగానే అనిపిస్తుంది.

4. రౌటర్ ఆఫ్ అయితే? దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడుకోవాలి.

లీడర్ పడిపోతే ఏమవ్వాలి?

చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. 1066లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ డ్యూక్ విలియం చనిపోయాడని పుకారు లేచింది. సైన్యం వెనక్కి తిరిగింది. అప్పుడు విలియం హెల్మెట్ పైకెత్తి తన ముఖం చూపించాడు. అంతే, సైన్యం మళ్లీ నిలబడింది. ఏ బఫ్పూ లేదు, ఒక్క ముఖం చాలు.

1556లో రెండో పానిపట్టు యుద్ధంలో హేము ఏనుగు మీద ఉండి సైన్యాన్ని నడిపాడు. కంటికి బాణం తగిలి కూలబడ్డాడు. అప్పటిదాకా గట్టిగా పోరాడిన సైన్యం ఒక్కసారిగా విరిగిపోయింది.

మనకు బాగా తెలిసినది 1565 తళ్లికోట యుద్ధం. విజయనగర సేనను నడిపిన అళియ రామరాయలు శత్రువులకు చిక్కాడు, తల తీశారు. ఆ వార్తతో అంత పెద్ద సేన చెదిరిపోయింది. ఆ తర్వాత హంపికి ఏమైందో మనందరికీ తెలుసు.

ఈ మూడింట్లో కామన్ పాయింట్ ఒకటుంది. సైనికులను నడిపింది లీడర్ ప్రాణం కాదు, లీడర్ గురించి వాళ్లకు అందిన సమాచారం. విలియం బతికే ఉన్నా సైన్యం పారిపోయింది. అందుకే ఏనుగు ఎక్కడం, జెండా పట్టడం రెండంచుల కత్తి. నీ వాళ్లకు ఎంత బాగా కనిపిస్తావో, శత్రువు విలుకాడికీ అంతే బాగా కనిపిస్తావు.

టోటల్ వార్: వార్‌హ్యామర్ ఈ లాజిక్‌ని చక్కగా వాడింది. లార్డ్ దగ్గర ఉన్న యూనిట్లకు లీడర్‌షిప్ పెరుగుతుంది, లార్డ్ పడిపోతే సేన మొత్తానికి తగ్గుతుంది. అప్పటికే ఊగిసలాడుతున్న యూనిట్లు ముందు పారిపోతాయి. కాబట్టి లార్డ్‌ని ముందుకు పంపాలా, వెనక ఉంచాలా అనేది ప్రతిసారీ నిజమైన నిర్ణయమే.

పాత ల్యాప్‌టాప్‌లో కూడా నేర్చుకోవచ్చు

గ్రాఫిక్స్ కార్డ్ లేదా? పర్లేదు. బ్యాటిల్ ఫర్ వెస్నాత్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ గేమ్ ఉంది. అందులో లెఫ్టినెంట్‌కి "లీడర్‌షిప్" అనే ఎబిలిటీ ఉంటుంది. పక్క గడిలో ఉన్న మన యూనిట్ లెవెల్ తక్కువైతే, ప్రతి లెవెల్ తేడాకీ 25% డ్యామేజ్ పెరుగుతుంది. లెవెల్ 3 జనరల్ పక్కన లెవెల్ 1 యూనిట్ ఉంటే తేడా 2, అంటే 50%. మామూలుగా 8 కొట్టేవాడు 12 కొడతాడు.

లెవెల్ సమానమైతే మాత్రం ఏమీ రాదు. ఈ ఒక్క రూల్ చాలా నిజం చెప్తుంది. ఫ్రెషర్‌కి గైడెన్స్ కావాలి, సీనియర్‌కి అక్కర్లేదు. ఇద్దరు లీడర్లు పక్కనున్నా బోనస్‌లు కలవవు, పెద్దదే లెక్క. ఇద్దరు బాసులు ఉంటే పని రెట్టింపు అవ్వదని ఆఫీసులో చేరిన ఎవరినడిగినా చెప్తారు. ఈ రూల్స్ అన్నీ టెక్స్ట్ ఫైల్స్‌లోనే ఉంటాయి. ఓపెన్ చేసి, విలువ మార్చి, ఆడి చూడండి.

ఫ్రెండ్ చేతిలో కంట్రోలర్ లాక్కోవద్దు

మల్టీప్లేయర్‌లో లీడర్ క్లాస్‌కి అసలు ప్రమాదం వేరే ఉంది. "నువ్వు అక్కడికి వెళ్లు, నువ్వు దాన్ని కొట్టు" అని ఒకడే అందరి టర్న్‌లూ ఆడేస్తే మిగతా ముగ్గురూ ఫోన్లు తీస్తారు. దీనికి మందు: ఆర్డర్‌ని అవకాశంగా మార్చడం. పాత్‌ఫైండర్‌లో స్క్వాడ్‌మేట్ ట్యాక్టిక్‌ని వద్దనుకోవచ్చు. లీడర్ తలుపు తెరుస్తాడు, లోపలికి వెళ్లాలా వద్దా అనేది ఆ ప్లేయర్ ఇష్టం. వద్దన్నా సరే ఆట ఆగకూడదు.

సింగిల్ ప్లేయర్‌లో సమస్య తిరగబడుతుంది. బాల్డర్స్ గేట్ 3లో నలుగురినీ మీరే నడుపుతారు. ఇక లీడర్ ఎవరు? మీరే. అలాంటప్పుడు బ్యాటిల్ మాస్టర్ చేయాల్సింది మీ మౌస్ చేయలేని పని. ఇంకొకరి టర్న్ రాకముందే వాళ్లతో ఒక దెబ్బ కొట్టించడం అలాంటిదే.

చివరగా ఒక టెస్ట్

మీ క్లాస్ రెడీ అయ్యాక ఒక ఫైట్ పెట్టి, సరిగ్గా మధ్యలో లీడర్‌ని తీసేయండి. నంబర్లు కాస్త తగ్గి, అందరూ ఇందాకటిలాగే ఆడుతుంటే మీరు చేసింది పవర్ బ్యాంక్. అలా కాకుండా టేబుల్ దగ్గర ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చి, "ఇప్పుడేం చేద్దాం?" అని ఎవరైనా అడిగారనుకోండి, మీ కమాండర్ పనిచేస్తున్నట్టే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇంకో ప్లేయర్ నోరు విప్పితే ఇంకా మంచిది. కొత్త లీడర్ అక్కడే పుడతాడు.