ఇంటిలోని మొక్కకు వెలుతురు

పొలములో పైరు పెంచువానికి వెలుతురును గూర్చి చింత లేదు. పొద్దు పొడుపు మొదలు పొద్దు గ్రుంకు వరకు ఆకాశమే దానిని వెల లేకుండ ఇచ్చుచున్నది. నీటికై కాలువ వంతు చూచుకొనవలెను; ఎరువునకై సంఘము వద్దకు రావలెను; విత్తనమునకై సొమ్ము కూడబెట్టవలెను. వెలుతురునకు మాత్రము ఎవ్వరును ఎదురు చూడరు. అందువలన మొక్క వాడినదనగానే మన రైతులకు రెండే కారణములు తోచును: నీరు చాలలేదు, లేదా ఎరువు చాలలేదు. పొలములో ఈ బుద్ధి చాలవరకు సరియైనదే. ఇంటిలోనికి తెచ్చిన మొక్క విషయములో ఇదే బుద్ధి మొక్కను చంపును.

ఇప్పుడు మన గ్రామములలో పెంకుటిండ్ల స్థానమున డాబాలు లేచినవి, పెరడు కురచయైనది. పెరటిలో ఉండవలసిన మొక్క కుండీనెక్కి నట్టింటికి వచ్చినది. కావున ఈ నెల పాఠమునకు ఈ విషయమును తీసికొంటిమి.

మా అనుభవము

మా తప్పును దాచక చెప్పెదము. మా తల్లిగారు కాపురమునకు వచ్చిన నాడు పుట్టింటి నుండి తెచ్చుకొన్న తమలపాకు తీగ మా పాత ఇంటి పెరటిలో అవిసె చెట్టునకు ప్రాకి ఉండెడిది. అది మా వయస్సుకంటె పెద్దది. పాత ఇల్లు పడగొట్టి డాబా కట్టునప్పుడు అవిసె చెట్టును తీసివేయవలసి వచ్చినది. తీగను ముక్కలుగ కోసి, మూడేసి కణుపుల ముక్కలను కుండీలో నాటి, ఎండ తగిలి వాడునను భయముతో నట్టింట, కిటికీకి పది అడుగుల దూరమున ఉంచితిమి.

మొదటి నెలలో చిగుర్లు వచ్చినవి, సంతసించితిమి. రెండవ నెలలో కణుపునకు కణుపునకు నడుమ దూరము పెరిగి, తీగ సన్నబడి, కిటికీ వైపునకు సాగినది. ఆకు చిన్నదై పాలిపోయినది. మేము నీరు పోసితిమి. ఆకులు పసుపెక్కినవి. మరల నీరు పోసి, గుప్పెడు ఎరువు కూడ వేసితిమి. మా తల్లిగారు వసారాలో కూర్చుండి చూచి, "నాయనా, దానికి దప్పిక గాదురా, పొద్దు కరువైంది" అనిరి. పదిమందికి సాగు పాఠములు చెప్పువారమని మాకు గర్వము. ఆ మాట వినలేదు. మూడవ నెలలో కుండీ బోర్లించి చూడగా వేరు నల్లబడి, మెత్తబడి, కుళ్ళు కంపు కొట్టుచుండెను.

ఇట్లేల జరిగినది?

ఆకు మొక్కకు వంటశాల. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని కలిపి ఆకు ఆహారము వండుకొనును. ఆ వంటకు నిప్పు వెలుతురే. నిప్పు లేని పొయ్యి మీద ఎసరు ఎంత పోసినను అన్నము ఉడకదు. ఎరువు ఆహారము కాదు. వంటలో ఉప్పు వంటిది. వెలుతురు తగ్గినప్పుడు ఆకు పని తగ్గును, వేరు త్రాగు నీరును తగ్గును. త్రాగని నీరు కుండీలో నిలిచి మట్టిలోని గాలిని వెడలగొట్టును. వేరునకును ఊపిరి కావలెను; ఊపిరాడని వేరు కుళ్ళును. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు గనుక ఆకు వాడును. వాడిన ఆకును చూచి మనము మరల నీరు పోయుదుము. కుండీ మొక్కలు చచ్చుటకు ఇది మిక్కిలి సాధారణమైన దారి.

నీడ వేరు, చీకటి వేరు

"ఇది నీడ మొక్క, ఇంటిలో బ్రతుకును" అని అమ్మువాడు చెప్పును. ఈ మాటలో సగము నిజము కలదు. ఇంటి నీడను ఓర్చుకొను మొక్కలలో చాలవరకు ఏడాది పొడుగునను ఆకు రాల్చని తేమ అడవులలో, పెద్ద చెట్ల క్రింద పుట్టినవి. మన భద్రాచలము వైపు టేకు అడవులు అట్టివి కావు. అవి వేసవికి ముందే ఆకు రాల్చి నేలకు ఎండ వదలును. మనవారు మనీ ప్లాంటు అని పిలుచు తీగకు పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రములోని మోరియా అను చిన్న దీవి. కుండీలో దాని ఆకు అరచేతికి మించదు. పెద్ద చెట్టు నెక్కి వెలుతురు దొరికినచో అదే తీగ మూరెడు ఆకులు వేసి, ఆ ఆకులు అంచుల వెంబడి చీలును. అనగా కుండీలో మనము చూచునది ఆ మొక్క బాల్యము మాత్రమే. నీడలో పుట్టినను అది వెలుతురు కొరకే చెట్టు నెక్కుచున్నది.

తుని, పొన్నూరు ప్రాంతముల తమలపాకు తోటలను చూచినవారెరుగుదురు: తీగను అవిసె చెట్లకు ప్రాకించి, ఆ చెట్ల పలుచని ఆకుల నడుమ నుండి జల్లెడ పట్టినట్లు వెలుతురు పడనిత్తురు. కొబ్బరి, పామాయిలు తోటల నీడన కోకో వేయుటయు ఇట్టిదే. ఇది నీడయే గాని చీకటి కాదు.

లెక్కతో చూచిన భేదము తెలియును. వెలుతురును లక్సు అను కొలతతో కొలుతురు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. ఆరుబయట చెట్టు నీడ కొన్ని వేల లక్సుల నుండి 20,000 వరకు ఉండును. ఎండ సూటిగా పడని కిటికీ అంచున వెయ్యి నుండి కొన్ని వేల వరకు. నట్టింట గోడ ప్రక్కన రెండు మూడు వందలు. రాత్రి దీపము క్రింద నూరు, నూటయేబది. మన కన్నులకు మాత్రము నట్టిల్లు చెట్టు నీడకంటె కొంచెమే మసకగ తోచును. ఏలయన చీకటిలో కనుపాప తనంతట విచ్చుకొని భేదమును కప్పిపుచ్చును. ఆకునకు అట్టి కనుపాప లేదు. కావున ఈ విషయములో కన్నును నమ్మరాదు.

ఖర్చు లేని రెండు పరీక్షలు

మొదటిది. ఉదయము పది గంటల వేళ, మొక్క ఉంచదలచిన చోట తెల్ల కాగితము పరచి, దానికి జానెడు ఎత్తున చేయి చాచుడు. నీడ అంచులు కత్తితో కోసినట్లున్నచో ఆ వెలుతురు గట్టిది. నీడ కనబడి అంచులు మసకగ ఉన్నచో మధ్యమము. ఇంటి మొక్కలలో చాలవాటికి ఇదియే తగినది. నీడ పడినదో లేదో తెలియకున్నచో ఆ చోటు మొక్కకు చీకటి.

రెండవది. కుండీ ఉన్న చోట, ఆకు ఎత్తునకు మీ తల వంచి కిటికీ వైపు చూడుడు. ఆకాశము కనబడవలెను. ఎదురింటి గోడ, మన సజ్జా అడుగు మాత్రమే కనబడినచో మొక్కకును అవియే కనబడుచున్నవి. కుండీని కిటికీ వైపునకు రెండడుగులు జరిపి మరల చూడుడు. మా నట్టింటి కుండీ వద్ద మేము ఈ రీతిగ మోకాళ్ళ మీద కూర్చుండి చూచియుండిన, ఎదుట ప్రహరీ గోడ తప్ప మరేమియు కనబడి యుండదు.

చేతి ఫోనులో వెలుతురు కొలుచు సాధనమును వేసికొనవచ్చును. దాని లెక్క నిక్కచ్చి కాకున్నను రెండు చోట్లను పోల్చి చూచుటకు పనికి వచ్చును.

ఏ దిక్కు కిటికీ?

కల్లూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17 డిగ్రీల మీద ఉన్నది. కావున మనకు పొద్దు నడక ఇట్లుండును.

తూర్పు: ఉదయపు ఎండ తేలికయైనది, రెండు గంటలు సోకినను తీగ మొక్కలకు హాని లేదు. తూర్పు వసారా, తూర్పు కిటికీ అన్నిటికంటె మేలు.

పడమర: చలికాలములో మంచిదే. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నపు ఎండ, వేడెక్కిన గోడ, వడగాలి మూడును కలిసి ఆకును మాడ్చును. ఆ రెండు నెలలు కుండీని మార్చవలెను, లేదా పలుచని పాత పంచెను తెరగా కట్టవలెను.

దక్షిణము: డిసెంబరులో మధ్యాహ్నపు పొద్దు దక్షిణమున సుమారు 50 డిగ్రీల ఎత్తుననే ఉండి కిటికీ గుండ లోనికి వచ్చును. వేసవిలో నడినెత్తికి ఎక్కుట చేత సజ్జా నీడ కప్పును.

ఉత్తరము: ఏడాదిలో చాల కాలము చల్లని, నిలకడయైన వెలుతురు. అయితే మే రెండవ వారము మొదలు ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్నపు పొద్దు మనకు ఉత్తరముగ నుండును. "ఉత్తరపు గోడకు ఎండ రాదు" అను మాట ఉత్తర దేశములకు చెల్లును గాని మనకు చెల్లదు.

ఒకే కిటికీ ఏడాది పొడుగున ఒకే వెలుతురు ఇయ్యదు. కావున కుండీలను ఏటికి నాలుగు మారులైనను సరిచూడవలెను.

ఏ మొక్క ఎక్కడ?

తులసి, మందార, గులాబి ఎండ మొక్కలు. వీనిని ఇంటిలో పెట్టి బాధింపరాదు. తులసికోటను పెద్దలు ఆకాశము కనబడు ముంగిటనే కట్టిరి. మండువా ఇంటి నడుమ కప్పు లేకుండుట చేత అక్కడను తులసి బ్రతికెను. డాబా ఇంటి నడుమ ఆ వెలుతురు లేదు. క్రోటను రంగులు నిలువవలెనన్న కొంత ఎండ కావలెను. వసారా అంచు దానికి తగును. తమలపాకునకు తూర్పు వసారా తగును. మనీ ప్లాంటు కిటికీ నుండి మూడు నాలుగడుగుల లోపల బాగుగ పెరుగును. మన చేల గట్లపై పెరుగు చాగకు చుట్టమైన స్నేక్ ప్లాంటు ఇంకను లోపల ఓర్చుకొనును. అయితే ఓర్చుకొనుట వేరు, పెరుగుట వేరు.

మొక్క చెప్పు గురుతులు

వెలుతురు చాలనప్పుడు కణుపుల దూరము పెరుగును. క్రొత్త ఆకు పాత ఆకుకంటె చిన్నదగును. మొక్క ఒక వైపునకు వంగును. మనీ ప్లాంటు ఆకుపై పసుపు చారలు తగ్గి పచ్చబడును. ఎండ మించినప్పుడు పొద్దు వైపు ఆకు వెలిసి, నడుమ ఎండిన గోధుమ రంగు మచ్చలు పడును. మాడిన ఆకు మరల పచ్చబడదు; తరువాతి చిగురును చూచి మంచి చెడ్డలు తెలిసికొనవలెను.

లోపల పెరిగిన మొక్కను ఒక్కసారి ఎండలోనికి తేరాదు. నీడవలలో పెంచిన మిరప నారును నాటుటకు ముందు ఎండకు అలవాటు చేయుట మనకు తెలిసినదే. అట్లే కుండీని రోజు కొంచెము కొంచెముగ, పది పదునాలుగు రోజులలో వెలుతురునకు అలవాటు చేయవలెను.

దీపము పనికి వచ్చునా?

ఇంటి కప్పునకు వ్రేలాడు దీపము పనికి రాదు. దూరము రెండింతలైన వెలుతురు నాలుగవ వంతగును. పది వాట్ల తెల్లని ఎల్.ఇ.డి. దీపమును ఆకునకు అడుగు ఎత్తున, దినమునకు పండ్రెండు గంటలు వెలిగించిన చిన్న మొక్క ఒకటి బ్రతుకును. నెలకు 3.6 యూనిట్ల కరెంటగును. కిటికీ ఉన్న ఇంటిలో ఈ ఖర్చు అనవసరము. గోడకు వెల్ల వేయుట, ఆకుపై దుమ్మును తడిగుడ్డతో తుడుచుట, వారమునకొకసారి కుండీని పావు వంతు త్రిప్పుట, ఈ మూడును ఖర్చు లేని దీపములు.

నీటి మాట

వెలుతురు తగ్గిన కొలది నీరు తగ్గవలెను. వ్రేలు రెండు కణుపుల లోతునకు మట్టిలో దింపి, పొడిగ ఉన్నప్పుడే పోయవలెను. శ్రావణ మాసపు ముసురులో ఎండకాలపు లెక్కన పోయరాదు. సీసాలో నీటిలో పెంచువారు నీటిని వారము వారము మార్చనిచో దోమలు పుట్టును. మనీ ప్లాంటు ఆకును నమిలిన నోరు మండి వాచును. పిల్లలకు, మేకలకు, దూడలకు అందకుండ ఉంచవలెను.

మా తల్లిగారి తీగ సంగతి చెప్పి ముగించెదము. పూర్వమెప్పుడో ఆమె పొరుగింటి వదినెగారికి ఇచ్చిన ముక్క వారి పెరటిలో బ్రతికి ఉండెను. దాని నుండి రెండు ముక్కలు అడిగి తెచ్చుకొంటిమి. ఈ మారు చోటును మేము ఎంచలేదు; మా తల్లిగారే కాగితము, చేయి ఏమియు లేకుండ తూర్పు వసారా చివర చూపిరి. తరువాత మేము కాగితము పరచి చూడగా నీడ అంచులు మసకగ, సరిగా కావలసినట్లే పడినవి. ఇప్పుడు ఆకు కోతకు వచ్చినది.

సభ్యులందరు ఈ వారములోనే తమ ఇంటి కుండీల వద్ద రెండు పరీక్షలును చేసి, ఏ మొక్క, ఏ దిక్కు, నీడ ఎట్లు పడినది అను మూడు సంగతులను చీటీపై వ్రాసి వచ్చు నెల సమావేశమునకు తేవలెనని కోరుచున్నాము. వాడిన మొక్క ఉన్నవారు నీరు పోయుట ఆపి, కుండీతో సహా తెచ్చిన ఇంకను మేలు. అందరి ఎదుట వేరు చూచి మాటలాడుకొందము.